ట్యాంకు కింద థర్మోకోల్ వేస్తే అన్నీ సర్దుకోవు

థర్మోకోల్ షీటు మీద అక్వేరియం పెట్టుకునేవాళ్లకి ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా ఉండదేమో. నేల ఒక పక్కకి వాలిందా, థర్మోకోల్ వెయ్యి. స్టాండు ఊగుతోందా, థర్మోకోల్ వెయ్యి. ఒక మూల లేచి ఉందా, ఇంకో షీటు వెయ్యి. చిన్న గాజు తొట్టి అయితే నేనూ పట్టించుకోను. కానీ నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న ట్యాంకు నిండితే అందులో నీళ్లే 450 కిలోలు. అద్దాలు, ఇసుక, రాళ్లు, స్టాండు కలిపితే ఆరొందలకి పైమాటే. ఆరడుగుల ట్యాంకయితే ఒట్టి నీళ్లే 680 కిలోల దాకా వస్తాయి. అంత బరువు మోసే నేల సంగతి షీటుకి వదిలేసి ఎలా నిద్రపోతారో నాకు అర్థం కాదు.

ఆ షీటు చేసే పని చాలా చిన్నది. స్టాండు పైచెక్క మీద ఇసుక రేణువో, పెయింటు బుడిపో ఉంటే అది అద్దానికి గుచ్చుకోకుండా తనలోకి దిగనిస్తుంది. అంతే. అన్నిచోట్లా ఒకే మందం ఉన్న షీటు వాలుని ఎలా సరిచేస్తుంది? నేల ఎంత వాలితే ట్యాంకూ అంతే వాలుతుంది. పైగా కింద ప్లాస్టిక్ ఫ్రేము ఉండి, అడుగు అద్దం ఆ ఫ్రేము మీద కాస్త పైకి తేలి ఉండే ట్యాంకులకి ఈ షీటు అసలు వెయ్యకూడదు. బరువంతా ఫ్రేము మీద పడాల్సింది పోయి, షీటు అడుగు అద్దాన్ని కింది నుంచి నెడుతుంది.

అసలు గొడవ ఏంటంటే, అందరూ రెండు వేరు వేరు సమస్యల్ని ఒకటిగా చూస్తారు. వాలు వేరు, మెలి వేరు.

వాలు అంటే ట్యాంకు మొత్తం ఒక పక్కకి ఒరగడం. నీటి అంచు ఏటవాలుగా కనిపిస్తుంది కాబట్టి అందరికీ దీని గురించే టెన్షన్. లెక్క చూస్తే అంత భయపడాల్సింది లేదు. నీటి ఒత్తిడి లోతుని బట్టి ఉంటుంది. 60 సెంటీమీటర్ల లోతులో ఒక చివర 6 మిల్లీమీటర్లు ఎక్కువైతే అక్కడ అడుగున ఒత్తిడి ఒక శాతం పెరుగుతుంది, ఆ చివరి అద్దం మీద మొత్తం తోపుడు రెండు శాతం పెరుగుతుంది. దానికి అద్దం పగలదు. చూడటానికి బాగుండదు, ఓవర్‌ఫ్లో, అంటే పైనీళ్లు అంచు మీదుగా బయటికి పోయే దారి, ఉన్న ట్యాంకయితే నీళ్లు ఒక పక్క నుంచే పోతాయి. సరిచేసుకోవాల్సిందే, కానీ ప్రమాదం అది కాదు.

ప్రమాదం మెలితో. మూడు కాళ్లు నేలకి ఆని, నాలుగోది గాల్లో ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఎవరికీ కనిపించదు. బరువు పడేసరికి ఆ కాలు నేలని వెతుక్కుంటూ కిందికి దిగుతుంది, స్టాండు మెలి తిరుగుతుంది, ట్యాంకు అడుగు కూడా దానితోపాటే తిరగాలి. ఇనుము వంగుతుంది, చెక్క వంగుతుంది, అద్దానికి అంత ఓపిక లేదు. ఆ లాగుడంతా మూలల్లో సిలికాన్ అతుకుల మీద పడుతుంది. మొదటి రోజే ఏమీ కాకపోవచ్చు. కొన్ని నెలలకి మూలలో చెమ్మ కనిపిస్తుంది. అప్పుడు తిట్లన్నీ ట్యాంకు చేసినవాడికి! నేలని మాత్రం ఎవరూ ఒక్క మాట అనరు.

మెలి ఉందో లేదో కనిపెట్టడానికి రెండు దారాలు చాలు. స్టాండు పైన నాలుగు మూలల్లో ఒకే మందమున్న చెక్కముక్కలు పెట్టి, ఎదురెదురు మూలల మధ్య దారాలు బిగించి లాగండి. మధ్యలో ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు దాటితే నాలుగు మూలలూ ఒకే తలంలో ఉన్నట్టు. పై దారం కింది దాన్ని నొక్కుతుంటే పైదాన్ని కిందికి మార్చి చూడండి. మధ్యలో 2 మిల్లీమీటర్ల సందు కనిపించిందంటే ఏదో ఒక మూల 4 మిల్లీమీటర్లు తప్పినట్టు లెక్క. స్టాండు గట్టిదై దారాల్లో తేడా కనిపించకపోతే సంబరపడిపోకండి, ఒక్కో కాలు కిందా కాగితం దూర్చి చూడండి. ఎక్కడ సులువుగా దూరితే అక్కడ సందున్నట్టే.

ఫోన్లో లెవెల్ యాప్ పెట్టి చూసేవాళ్లకి ఒక నమస్కారం. వెనక కెమెరా ఉబ్బెత్తుగా ఉన్న ఫోను బల్ల మీదే సరిగ్గా ఆనదు. మేస్త్రీలు వాడే రసమట్టం తీసుకోండి, దాన్నీ గుడ్డిగా నమ్మకండి. ఒకచోట పెట్టి బుడగ ఎటుందో చూసి, అదే చోట చివర్లు తారుమారు చేసి పెట్టండి. బుడగ మళ్లీ అదే గోడ వైపు, అంతే దూరంలో నిలిస్తే మట్టం మంచిది. ఎదుటి గోడ వైపుకి మారితే ఆ మట్టం పనికిరాదు. పొడవాటి ట్యాంకుకి నీళ్లు నింపిన పారదర్శక ట్యూబు ఇంకా నయం, రెండు చివర్లలోనూ నీళ్లు ఒకే మట్టానికి నిలుస్తాయి, లోపల గాలి బుడగ చిక్కుకోకుండా చూసుకుంటే చాలు.

ఇక సరిచేయడం. అన్నిటికన్నా ఎత్తుగా ఉన్న మూలని అలాగే ఉంచి, మిగతావాటిని దాని మట్టానికి లేపాలి. లేపేది స్టాండు కింద, నేల దగ్గర. ట్యాంకుకీ స్టాండుకీ మధ్య ఏ ముక్కా దూర్చకూడదు, అలా చేస్తే అద్దం బరువంతా ఆ ఒక్క చోట పడుతుంది. మడిచిన అట్ట ముక్క తడిస్తే ముద్దవుతుంది, రబ్బరు నలుగుతుంది. గట్టి ప్లాస్టిక్ ముక్కలో, ఇనుప రేకులో వాడండి. కబోర్డు లాంటి స్టాండు అయితే నాలుగు మూలలు లేపి ఊరుకుంటే కుదరదు, మధ్యలో అంచు గాల్లో ఉండిపోతుంది. అంచు పొడవునా ఆనేలా ముక్కలు దగ్గర దగ్గరగా పెట్టాలి. తిప్పి ఎత్తు మార్చుకునే స్క్రూ కాళ్లు సుఖమే కానీ, బరువంతా చిన్న చోట పడుతుంది. టైలు కింద బోలుగా ఉంటే పగులుతుంది, కాబట్టి ఒక్కో కాలి కింద మందపాటి ఇనుప పలక వెయ్యాలి. చెక్క నేల అయితే కింద దూలాలు ఎటు పోతున్నాయో చూసి, ట్యాంకు బరువు వీలైనన్ని దూలాల మీద పడేలా అడ్డంగా పెట్టాలి.

నీళ్లు ఒకేసారి నింపకండి. పావు వంతుకి ఆపి, నాలుగు మూలల్లోనూ పై అంచు నుంచి నీటి దాకా స్కేలుతో కొలవండి. సగానికి మళ్లీ ఆపి కొలవండి. అంకెల్లో తేడా పెరుగుతూ పోతుంటే ఏదో కుంగుతోందని అర్థం.

ఇప్పటికే నింపేసి, మూల తప్పిందని తెలిసినవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది: కారు జాకీ పెట్టి కాస్త లేపితే సరిపోదా అని. సరిపోదు! అలా లేపితే ఇందాక చెప్పిన మెలిని మీ చేత్తో మీరే పెట్టినట్టు. చేపల్ని అదే నీళ్లతో టబ్బులోకి మార్చి, ట్యాంకు ఖాళీ చేసి, రాళ్లు తీసేసి, అప్పుడు స్టాండు కింద చెయ్యి పెట్టండి. ఈలోగా ఫిల్టరులో స్పాంజిని కుళాయి కింద కడిగెయ్యకండి. అందులో ఉండి నీళ్లని శుభ్రం చేసే బ్యాక్టీరియా బతకాలంటే దాన్ని కూడా ఆ టబ్బు నీళ్లలోనే ఉంచండి.