బాగ్దాద్ కాలమిస్టుల పొట్ట కొడుతున్నదెవరు?

ఇరాక్ పత్రికల్లో కాలమ్ రాసుకు బతికేవాళ్ళ తరఫున ఒక ఫిర్యాదు. వాళ్ళ నోటికాడి కూడు లాక్కుంటున్నది సాక్షాత్తూ సర్కారే. వెటకారం వాళ్ళ వృత్తి. ఆ పనీ అధికారులే చేసేస్తే వాళ్ళేం తిని బతకాలి?

2013 చివర్లో వానలకు బాగ్దాద్ వీధులు మునిగాయి. మురుగు ఎందుకు కదల్లేదయ్యా అంటే, తాత్కాలిక మేయర్ నయీమ్ అబూబ్ గారు 150 కిలోల బండరాయిని దోషిగా తేల్చారు. ఎవరో కావాలని పైపులో పడేశారట. మహానగరం మొత్తానికి ఒక్క రాయి! మర్నాడు కాలమిస్టు ఇంకేం కల్పించాలి? మరుసటి ఏడాది ఆయనే న్యూయార్క్, దుబాయ్ కన్నా బాగ్దాద్ అందంగా ఉందన్నారు. అతిశయోక్తి కూడా పోయింది.

కరెంటు సంగతీ అంతే. 2013 కల్లా మిగులు కరెంటు ఎగుమతి చేస్తామని ఉప ప్రధాని షహ్రిస్తానీ అన్నారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇరాన్ నుంచి గ్యాసూ కరెంటూ కొన్నారు. సొంత చమురు బావుల దగ్గరి గ్యాస్‌ను మాత్రం గాల్లో తగలబెట్టారు.

చెక్‌పోస్టుల్లో బాంబులు పట్టే దండం ఒకటుండేది. యాంటెన్నా తిరిగితే, అది సెంటుకూ తిరుగుతుందని చెప్పి, "సెంటు పూసుకున్నారా?" అని అడిగేవాళ్ళు. లోపల పనిచేసేదేమీ లేదు. అమ్మిన బ్రిటన్ వ్యాపారికి 2013లో పదేళ్ళ జైలు పడింది. దండం మాత్రం 2016 జులైలో బాగ్దాద్ కర్రాదా పేటలో జరిగిన పేలుడు దాకా డ్యూటీలోనే ఉంది. వందల మంది పోయాక గానీ దించలేదు. ఈ ఒక్క చోట నాకూ వెటకారం రావడం లేదు.

మరీ నోరు జారితే 1969 నాటి శిక్షాస్మృతిలో 226వ సెక్షన్ ఉండనే ఉంది. ప్రభుత్వాన్ని బహిరంగంగా అవమానిస్తే ఏడేళ్ళ దాకా లోపలే. అందుకే ముదిరిన కాలమిస్టు విశేషణాల జోలికి పోడు. పైన కరెంటు మంత్రిగారి ప్రకటన ఉన్నదున్నట్టు పెడతాడు, కింద తన ఇంటి ఫ్రిజ్‌లో పెరుగు పులిసిన వైనం రాస్తాడు. పెరుగు పులిసిందనడం నేరమని ఏ సెక్షనూ చెప్పదు.

అలాంటివాడు ఒకడు జులై రాత్రి రాయడానికి కూర్చున్నాడనుకోండి. 'వతనియ్యా' పోయింది. 'జాతీయం' అని అర్థం, గ్రిడ్ కరెంటుకు అక్కడి పేరు. వీధి జనరేటర్ నడిపే ఆసామికి నెలనెలా ఆంపియర్ల లెక్కన డబ్బు కడుతున్నాడు. కట్టిన ఐదు ఆంపియర్లకు ఫ్రిజ్జు, ఫ్యాను, రెండు లైట్లు. ఏసీ వేశాడో, బ్రేకర్ పడిపోతుంది. ఇవాళ ఆ జనరేటరూ మొరాయించింది. సెల్‌ఫోన్ వెలుగులో కాగితం మీద మొదటి వాక్యం రాశాడు: "కరెంటు లేదు." రెండో వాక్యంలో ఉండగా వచ్చింది. నిజాయితీపరుడు కదా, మొదటిది కొట్టేశాడు. మూడో వాక్యానికి మళ్ళీ పోయింది. కొట్టేసినదాని పక్కన "ఉంచండి" అని రాసి, ఫోటో తీసి డెస్కుకు పంపాడు.