అతి పెద్ద స్టేడియమే, కాదన్నదెవరు? పైనున్న పిట్టల సంగతేంటి?

ఇప్పుడే మా ఫ్యామిలీ గ్రూపులో బాబాయ్ ఢిల్లీ ఇందిరాగాంధీ ఇండోర్ స్టేడియం ఫోటో పెట్టాడు. కింద "దేశంలోనే అతి పెద్దది, గర్వపడదాం" అని రాశాడు. నోరు ఊరుకోదు కదా, "పిట్టలు కూడా గర్వపడుతున్నాయి బాబాయ్" అన్నాను. అంతే, "నీకు అన్నిట్లోనూ నెగెటివే కనిపిస్తుంది" అని క్లాసు. దానికి పిన్ని చప్పట్లు.

నెగెటివా? 2026 జనవరిలో అక్కడ ఇండియా ఓపెన్ బ్యాడ్మింటన్ టోర్నీలో మన ప్రణయ్, సింగపూర్ ఆటగాడు లో కీన్ యూ ఆడుతుంటే పైనుంచి రెట్ట పడి ఆట ఆగిపోయింది. అంతకుముందు ఏడాది ఈ కాంప్లెక్సులోనే కె.డి. జాదవ్ హాల్లో ఆడిస్తే, డెన్మార్క్ క్రీడాకారిణి మియా బ్లిచ్‌ఫెల్ట్ మురికి, రెట్టలు అంటూ పోస్టు పెట్టింది. సరే అని హాలు మార్చారు. పిట్టలు కూడా మారాయి!

షటిల్ బరువు ఎంత? సుమారు ఐదు గ్రాములు. ఏసీ గాలి కాస్త తోస్తే చాలు, గీత మీద పడాల్సింది బయట పడుతుంది. గాలి కూడా చూసి వదలాల్సిన హాల్లోకి పిట్ట దర్జాగా వచ్చి పోతోందంటే, ఆ కన్నం ఎక్కడుందో చూసే నాథుడే లేడనేగా? 1982 ఏషియాడ్‌కి కట్టారు, 2010 కామన్వెల్త్ క్రీడలకి మెరుగులు దిద్దారు. మన దగ్గర గోడకి రంగు పడాలంటే విదేశీ జట్లు విమానం దిగాలి. (2009లో బ్యాడ్మింటన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది మన గచ్చిబౌలిలో. రాజధాని వాళ్లకి అది గుర్తుండదు లెండి.)

అయినా బాబాయ్ గర్వం సంగతి నాకు కొత్తా? ఇదే స్టేడియంలో 2025 జనవరిలో ఖోఖో మొట్టమొదటి ప్రపంచ కప్ జరిగింది. అమ్మాయిలూ గెలిచారు, అబ్బాయిలూ గెలిచారు. ఫైనల్లో మన అమ్మాయిలు నేపాల్‌ని 78-40తో చితక్కొట్టారు. నేను ఆ స్కోరు గ్రూపులో పెడితే ఒక్కరూ పలకలేదు. అప్పుడందరూ ఛాంపియన్స్ ట్రోఫీ టీములో ఎవర్ని తీసుకున్నారు, ఎవర్ని వదిలేశారు అని కొట్టుకుంటున్నారు మరి! అబ్బాయిల కెప్టెన్ ప్రతీక్ వాయ్కర్ అల్టిమేట్ ఖోఖో లీగ్‌లో మన తెలుగు యోధాస్ జట్టుకి ఆడినవాడు. ఆ పేరు మా ఇంట్లో ఎవరైనా విన్నారా? ఐపీఎల్ వేలంలో ఎవడు ఎన్ని కోట్లు పలికాడో మాత్రం మా మేనల్లుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.