వండిపెట్టారు, అంతేనా?

“తెలంగాణ సాయుధ పోరాటంలో ఆడవాళ్లు చేసింది వంటలు వండడం, చీటీలు మోయడమే. జెండర్ చరిత్రకారులు ముసలమ్మల ముచ్చట్లు పట్టుకొని లేని వీరత్వం అంటగట్టారు.” సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా వాట్సాప్ గ్రూపుల్లో ఇదే పోస్టు తిరుగుతోంది. ఇందులో నిలబడే మాట ఒక్కటీ లేదు.

కర్విరాల కొత్తగూడెం ఆడబిడ్డ మల్లు స్వరాజ్యం సాయుధ గెరిల్లా దళం నడిపారు. ఆమె తలకు సర్కారు 10,000 రూపాయల వెల కట్టింది. వంట చేసినందుకా? దళాల్లో తిరిగిన ఆరుట్ల కమలాదేవి 1952లో ఆలేరు నుంచి శాసనసభకు గెలిచారు.

పోనీ, వంటే అనుకుందాం. నాకు ఎక్కువ కోపం తెప్పించేది అదే. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి నిజాం పాలన ముగిసినా పోరాటం ఆగలేదు, పల్లెల్లో మిలిటరీ క్యాంపులు పెట్టారు. దళానికి బుక్కెడు బువ్వ పెట్టినా నేరమే. మా నాయనమ్మ చెప్పేది: “ఇంట్ల ఐదుగురం. పదిమందికి పిండి ఇసిరితే ఇసుర్రాయి సప్పుడే పట్టిస్తది బిడ్డా.” అందుకే నాలుగిళ్లవాళ్లు పంచుకొని తలా రెండు రొట్టెలు ఎక్కువ చేసేవాళ్లట. మోదుగాకుల్లో చుట్టిన ఆ రొట్టెలు పెంటగంప అడుగున చెలక దాకా పోయేవి. దొరికిపోయినవాళ్ల సంగతి అడిగితే మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఊకునేది.

ఇక ముసలమ్మల ముచ్చట్లు చరిత్ర కాదట, కాగితం కావాలట. ఏ కాగితం? భూమి లెక్కలు రాసే పహాణీలో దొర పేరుంటుంది. దొరబిడ్డ పెళ్లికి వెంట దాసిగా పంపిన ఆడబాప బతుకు ఎట్లా గడిచిందో ఏ పట్వారీ దఫ్తరులో దొరుకుతుంది? ఆ బతుకుల సంగతి తెలియాలంటే చూసినవాళ్ల దగ్గర కూర్చొని వినాలి. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం వాళ్లు పోరాటంలో ఉన్న ఆడవాళ్ల దగ్గర కూర్చొని విన్నారు, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా అచ్చేశారు. మనిషి మతిమరుపు వల్ల పొరపాట్లుంటాయి, ఒప్పుకుంటాను. ఒకరి మాటను ఇంకొకరి మాటతో పోల్చి చూసుకోవాలి. పట్వారీ రాతనైనా అట్లాగే చూడాలి కదా!

వీరత్వం అంటగట్టారన్న మాట ఆ పుస్తకం తెరిచినవాళ్లు అనరు. అడవిలో ఉండగా కన్నబిడ్డను పరాయివాళ్ల చేతిలో పెట్టాల్సి వచ్చిన తల్లి గోడు అందులో ఉంది. 1951లో పోరాటం విరమించాక ఇళ్లకు పొమ్మంటే దిక్కుతోచనివాళ్ల బాధ ఉంది. పోరాటం నడిపిన సొంత కమ్యూనిస్టు పార్టీ మీద కోపమూ ఉంది. వీరగాథ అల్లాలనుకున్నవాళ్లయితే ముందు ఈ పేజీలే చింపేసేవాళ్లు.