పారిష్ రిజిస్టరు గారికి ఒక తెలుగు కోడలి విన్నపం

ఊరి చర్చిలో బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, చావులు రాసిపెట్టే పుస్తకం, మహారాజశ్రీ ఇంగ్లండు పారిష్ రిజిస్టరు గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి. ఉభయుల్లో నేనైతే కుశలంగా లేను.

మొన్న ఆదివారం భోజనాల దగ్గర, బంగాళాదుంపల గిన్నె చేతులు మారుతుండగా, "మీ మూలపురుషుడు అమ్మానాన్నల పెళ్ళికి మూడు నెలల ముందే పుట్టాడు" అని ప్రకటించాను. మీ మాట నమ్మి. పెళ్ళి 1620 మే, పిల్లాడి బాప్తిస్మం 1620 ఫిబ్రవరి, రెండూ మీరే రాశారు, ఒకే పుస్తకంలో. తన పుట్టింటివాళ్ళు ఒకప్పుడు పేరు పక్కన "జెంటిల్మన్" అని రాయించుకున్న వాళ్ళని చెప్పి చెప్పి మురిసిపోయే అత్తగారు ఫోర్కు కింద పెట్టేశారు. మా ఆయన బల్ల కింద నా కాలు తొక్కాడు.

ఆ రాత్రి తెలిసింది, మీకు కొత్త సంవత్సరం మార్చి 25న అని. అంటే మీ 1620లో మే ముందొస్తుంది, ఫిబ్రవరి చివర్లో వస్తుంది, ఇప్పటి లెక్కలో అది 1621. పిల్లాడు పెళ్ళైన తొమ్మిది నెలలకి పద్ధతిగానే పుట్టాడు. పద్ధతి తప్పింది నా నోరు.

మీ మిగతా గుణాలన్నీ భరించాను. 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రాంవెల్ ఊరూరా మిమ్మల్ని పెట్టిస్తే, 1598లో తోలు పుస్తకాల్లోకి ఎక్కించేటప్పుడు ఎలిజబెత్ రాణి గద్దెనెక్కిన 1558 నుంచి చాల్లే అని చాలా ఊళ్ళలో మొదటి ఇరవై ఏళ్ళు వదిలేశారు, సరే. తండ్రి జాన్, కొడుకు జాన్, ఆ జాన్ పసితనంలో పోతే తర్వాతవాడూ జాన్, సరే. అంతర్యుద్ధంలో చాలాచోట్ల రాయడమే మానేశారు, అదీ సరే. అంతమందిని కన్న తల్లి పోయిన రోజున ఉత్త "జాన్ భార్య" అని రాసి ఊరుకున్నారు చూడండి, దాని గురించి మీతో విడిగా మాట్లాడాలి. పోనీ 1530 నుంచి 1688 దాకా కౌంటీలు తిరిగిన హెరాల్డులు, అంటే పెద్దింటివాళ్ళ వంశచిహ్నాల లెక్క చూసే రాజోద్యోగులు, రాసుకున్న వంశావళులు చూద్దామా అంటే, వాళ్ళకి చెప్పింది ఆ ఇంటాయనే, సొంత తాత గురించి ఎవడు తక్కువ చెప్పుకుంటాడు?

కానీ ఈ తేదీ మాత్రం మింగుడు పడటం లేదండీ. పక్కనున్న స్కాట్లండు 1600లోనే జనవరి 1కి మారింది. మీరు 1752 దాకా కదల్లేదు. కదిలినప్పుడైనా తిన్నగా కదిలారా? మార్చి 25న మొదలైన 1751ని డిసెంబరు 31తో, 282 రోజులకే సాగనంపారు, మరుసటేడు సెప్టెంబరు 2 పక్కన 14 పెట్టి మధ్యలో రోజులన్నీ మింగేశారు. చార్లెస్ రాజు తల నరికింది ఆనాటి కాగితాల్లో 1648 జనవరి 30, ఇప్పటి పుస్తకాల్లో 1649. ఇక మిమ్మల్ని చూసి నకలు తీసినవాళ్ళలో కొందరు ఏడాది సరిదిద్దారు, కొందరు ఉన్నదున్నట్టు దించారు. 1620/21 అని రెండూ రాసే బుద్ధిమంతులు కొందరున్నారు, వాళ్ళ కడుపు చల్లగా. మిగతావాళ్ళ 1620 ఫిబ్రవరి ఏ ఫిబ్రవరి? చెప్పవయ్యా! "మాకు ఏడాది మార్చిలో మొదలు" అని మొదటి పేజీలో ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయేది? నాలుగు వందల ఏళ్ళు నోరు మూసుకు కూర్చుని, చివరికి తెనాలి పిల్లని అత్తారింట్లో తల దించుకునేలా చేస్తావా?

నిన్న ఆ పేజీ ఫొటో మళ్ళీ తెరిచాను. ఫిబ్రవరి బాప్తిస్మం కింద ఇంకో మూడు పేర్లు, తర్వాత అడ్డంగా ఒక గీత, గీత కింద పెద్ద అక్షరాల్లో 1621.

చెప్పావు. నేనే కిందికి చూడలేదు. అదీ ఎవరు? మాఘం, ఫాల్గుణం అయ్యాకే కొత్త ఏడాది అని నాయనమ్మ ఒళ్ళో కూర్చుని నెలలు అప్పజెప్పినదాన్ని, ఈ దేశంలో కూడా ఏటా మార్చి వచ్చేసరికి ఉగాది పచ్చడికి వేపపువ్వు ఎక్కడ దొరుకుతుందా అని ఊరంతా ఫోన్లు చేసేదాన్ని. మార్చి చివర్లో కొత్త సంవత్సరం ఇంకెవరికైనా వింత కావాలి గానీ నాకేమిటి?

క్షమాపణ చెప్పుకున్నాను. అత్తగారు గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. మామగారే డీలా పడిపోయారు. భార్య పుట్టింటి వంశంలో ఆయనకి నచ్చిన మొదటి మనిషి అతనేనట.

ఇట్లు,
ఆ ఇంటి కోడలు
ఫిబ్రవరి, 2025/26 (ఏది కావాలంటే అది తీసుకో)