రెట్లు సరే, దేనికి రెట్లు?

కణాలు బయటికి వదిలే అతిసూక్ష్మమైన బుడగలు, అంటే ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్స్, రేపటి మందులని చాలాకాలంగా వింటున్నాం. చిక్కల్లా దిగుబడిలోనే ఉంది. ఫ్లాస్కుల్లో పెరిగే మూలకణాలు వాటిని మహా పిసినారిగా వదులుతాయి. అందుకే 20 రెట్లు పెంచాం, 50 రెట్లు పెంచాం అన్న ప్రకటనలకు అంత గిరాకీ.

2018లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాల పరిశోధకులు బొడ్డుతాడు మూలకణాలను ద్రవంలో తేలే మైక్రోక్యారియర్ అనే చిన్న పూసల మీద పెంచితే దిగుబడి 20 రెట్లయింది. మహావేగంగా తిప్పి వెసికిల్స్‌ను వేరుచేసే అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌ను పక్కనపెట్టి, వడపోత పొర వెంబడి ద్రవాన్ని పారించే టాంజెన్షియల్ ఫ్లో ఫిల్ట్రేషన్‌తో వడకడితే అదే 140 రెట్లకు చేరింది. రెండో మెట్టులో వచ్చిన ఆ ఏడు రెట్లు కణాలు కొత్తగా వదిలినవి కావు, పాత పద్ధతిలో మనమే పోగొట్టుకుంటున్నవి. కణాల మీద ప్రయోగాలకు ముందు వడపోతను చక్కదిద్దుకోవాలని మేమనేది ఇందుకే.

కణాన్ని ఒత్తిడి పెట్టే దారులూ ఉన్నాయి. విద్యుత్ స్పందనలిస్తే పొరలో రంధ్రాలు పడి కాల్షియం లోపలికి దూసుకొస్తుంది, కణం వెసికిల్స్ వదిలేస్తుంది. 2020లో 50 రెట్ల దాకా పెరిగాయన్నది ఈ పద్ధతిలోనే. ఆక్సిజన్‌ను 1 శాతానికి తగ్గించినా పెరుగుతాయి గానీ లోపలి సరుకు మారిపోతుంది. అలా వచ్చే, రక్తనాళాలు మొలిపించే గుణం గుండె కండరానికి మేలు, కణితి ఉన్నచోట కీడు. కణాలకు పోషణగా ఇచ్చే సీరం ఆపి మాడ్చితే కొన్ని కణాలు చస్తాయి, వాటి తునకలూ లెక్కలోకొస్తాయి. పూసలున్న ద్రవాన్ని తిప్పే వేగం తగ్గితే పూసలు గడ్డకట్టి అడుగున పడతాయి, పెరిగితే కణాలు చిరుగుతాయి.

వెసికిల్స్‌ను లెక్కించే యంత్రానికి ఇవేవీ పట్టవు. కాంతిని చెదరగొట్టేదేదైనా దానికి రేణువే: కొవ్వును మోసే లిపోప్రొటీనైనా, ప్రొటీన్ ముద్దైనా. ఆవుదూడ సీరంలో ఆవు వెసికిల్స్ ముందే ఉంటాయి. గురుత్వాకర్షణకు లక్ష రెట్ల బలం పడేలా రాత్రంతా తిప్పినా పూర్తిగా పోవు. కాబట్టి కణాల్లేని పోషక ద్రవాన్నీ అదే దారిన నడిపి ఆ అంకెను తీసేయాలి. డిటర్జెంట్ వేసి మళ్లీ లెక్కిస్తే అసలైన వెసికిల్స్ పొర కరిగి మాయమవుతాయి, ముద్దలు మిగులుతాయి. మైక్రోగ్రాము ప్రొటీన్‌కు 3,000 కోట్ల రేణువులుంటే సరుకు శుద్ధమైనట్టే.

ఈ వెసికిల్స్‌లో ఒక రకమైన ఎక్సోసోమ్‌ల పేరుతో అమెరికాలోని నెబ్రాస్కాలో వైద్యం పొందినవారు తీవ్రంగా జబ్బుపడ్డారని ఆ దేశ ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 డిసెంబరులోనే హెచ్చరించింది. జుట్టుకూ చర్మానికీ సీసాలు అమ్మేవారు లేబుల్ మీద రేణువుల సంఖ్యే ఘనంగా అచ్చేస్తున్నారు. దాని పక్కనే సేకరణనాటికి బతికున్న కణాల శాతం, కణాల్లేని ద్రవం లెక్క, డిటర్జెంట్ పరీక్ష ఫలితం కూడా అచ్చేయాలని నియంత్రణ సంస్థలు పట్టుబట్టాలి.