రికార్డ్ చేశాక పోతున్న గొంతులు

యుద్ధం చూసిన తరం వెళ్లిపోతోంది, వాళ్లతో పాటే వాళ్ల కథలూ పోతున్నాయి అని ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. నిజమే. 1945లో 10 ఏళ్ల పిల్లకి 2025లో 90. కానీ నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇది కాదు. చావు మన చేతుల్లో లేదు. చేతికి అందినదాన్ని కూడా మనమే పోగొట్టుకుంటున్నామే, అదీ నా బాధ.

తాతగారు 3 గంటలు మాట్లాడతారు. మనవడు ఫోన్లో తీస్తాడు. అందులోంచి 2 నిమిషాలు కత్తిరించి, వెనకాల విషాద సంగీతం పెట్టి, పోస్ట్ చేస్తాడు. ఫోన్లో చోటు చాలక 3 గంటల ఫైలు డిలీట్ అయిపోతుంది. మిగిలిన ముక్క వాట్సాప్‌లో చేతులు మారిన కొద్దీ నలిగిపోతుంది. ఐదేళ్లు గడిచాక అందులో మాట్లాడేది ఎవరో, ఏ యుద్ధం గురించో, ఏ ఊళ్లో తీశారో చెప్పేవాళ్లు ఉండరు. ఇది భద్రపరచడం కాదండీ. నోరు విప్పడానికి యాభై ఏళ్లు తీసుకున్న మనిషి చివరికి చెప్పిన మాటని పారేయడం.

"ప్రభుత్వం దగ్గర రికార్డులు ఉంటాయిగా" అనేవాళ్లు ఉన్నారు. 1973 జూలై 12న అమెరికాలోని సెయింట్ లూయిస్ దగ్గర సైనిక సిబ్బంది రికార్డుల భవనం తగలబడింది. 1.6 నుంచి 1.8 కోట్ల ఫైళ్లు కాలిపోయాయి. వాటికి నకళ్లు లేవు. 1912 నుంచి 1960 మధ్య సైన్యం నుంచి విడుదలైనవాళ్ల ఫైళ్లలో దాదాపు 80 శాతం ఆ మంటల్లోనే పోయాయి. ఆ తర్వాత ఎవరి సర్వీసు వాళ్లు రుజువు చేసుకోవడానికి పింఛను కాగితాలు, ఆసుపత్రి చీటీలు వెతుక్కోవాల్సి వచ్చింది. సరే, ఫైలు భద్రంగా ఉందనే అనుకుందాం. అందులో ఉండేది ఏ యూనిట్, ఏ ర్యాంకు, ఎప్పుడు గాయపడ్డాడు, ఎప్పుడు సెలవు తీసుకున్నాడు, అంతే. గాయపడ్డ రాత్రి పక్కన ఎవరున్నారో ఏ ఫైల్లోనూ ఉండదు. సైరన్ మోగగానే పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తిన తల్లికైతే అసలు ఫైలే ఉండదు.

కత్తిరించడం గురించి ముందు చెప్తాను, ఎందుకంటే ఎక్కువ నష్టం అక్కడే. అమెరికా కాంగ్రెస్ 2000లో ఒక చట్టం చేసి, మాజీ సైనికుల జ్ఞాపకాలు సేకరించే పని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి అప్పజెప్పింది. అక్కడికి పంపే ఇంటర్వ్యూ కనీసం 30 నిమిషాలుండాలి, ఎడిట్ చేసి ఉండకూడదు. ఎందుకు ఈ పట్టుదల? ఒక చోటు ఊహించుకోండి. పెద్దాయన "పొద్దున్నే అటు బయల్దేరాం" అని ఆగుతారు. ఏడెనిమిది సెకన్లు మాట లేదు. అరచేత్తో మోకాలు రాసుకుంటున్న చప్పుడు మాత్రం మైకులో పడుతుంది. తర్వాత "తిరిగొచ్చేసరికి సాయంత్రం అయింది" అంటారు. ఎడిట్ చేసే కుర్రాడికి ఆ ఎనిమిది సెకన్లు బోరు. తీసేసి రెండు వాక్యాలూ అతికిస్తాడు. ఇప్పుడు వినండి: పొద్దున్నే అటు బయల్దేరాం, తిరిగొచ్చేసరికి సాయంత్రం అయింది. ఏదో సంతకెళ్లొచ్చినట్టుంది. ఆ రోజు జరిగిందంతా ఆ ఎనిమిది సెకన్లలోనే ఉంది, దాన్నే తీసిపారేశారు. చిన్న వీడియో కావాలా, నిక్షేపంగా చేసుకోండి, కానీ నకలు మీద చేసుకోండి. అసలు ఫైలుని ముట్టుకోకండి.

ఆ మౌనం రావాలన్నా అడిగేవాడికి ఓపిక ఉండాలి. ఎదుటివాళ్లు ఆగగానే మనకి కంగారు పుట్టి ఇంకో ప్రశ్న వేసేస్తాం. మనసులో 10 దాకా లెక్కపెట్టండి. మూడొంతులు వాళ్లే మళ్లీ మొదలుపెడతారు. యుద్ధంతో ప్రారంభించకండి. పుట్టిన ఊరు, నాన్న పని, చదువు, సైన్యంలోకి ఎందుకు వెళ్లారు, ఆ కబురు విని అమ్మ ఏమంది, ఇలా మొదలుపెట్టాలి. "భయమేసిందా?" అని అడిగితే "లేదు" అనేసి ఊరుకుంటారు. "ఆ రాత్రి ఎక్కడ పడుకున్నారు, కింద ఏం పరుచుకున్నారు?" అని అడిగితే భయం దానంతటదే మాటల్లోకి వస్తుంది. బూట్లు, తిండి, నీళ్లు, ఉత్తరాలు, వాసనలు, చప్పుళ్లు, వీటి గురించి అడగండి. ఎంతమందిని చంపారన్న ప్రశ్న ఎప్పుడూ వద్దు. చెప్పాలనుంటే వాళ్లే చెప్తారు. మీరు అడిగారంటే ఆ క్షణంలోనే తలుపు మూసుకుంటుంది.

ఒక విడతకి గంట, మహా అయితే గంటన్నర. అంతకన్నా లాగితే 80 దాటినవాళ్లు అలసిపోయి "అంతే, ఇంకేం లేదు" అని తేల్చేస్తారు. ఆపాలనిపిస్తే చెయ్యెత్తితే చాలు, ఆపేస్తానని ముందే ఒప్పందం చేసుకోండి. అన్నిటికన్నా బరువైన జ్ఞాపకం దగ్గర ఇంటర్వ్యూ ముగించి లేచి వెళ్లిపోకండి. చివరి 15 నిమిషాలు ఇంటికొచ్చిన రోజు, పెళ్లి, పిల్లలు, ఇప్పటి సంగతులు మాట్లాడించి, ఇవాళ్టిలోకి తీసుకొచ్చి వదలాలి. మర్నాడు ఫోన్ చేసి "రాత్రి నిద్ర పట్టిందా?" అని అడగాలి. ఈ ఒక్క ఫోన్ చెయ్యలేనివాళ్లు అసలీ పనికి పూనుకోవద్దని నా అభిప్రాయం.

ఇక శబ్దం. బొమ్మ బాగోకపోయినా చూస్తాం, మాట వినబడకపోతే ఏం మిగలదు. కాలర్ మైక్ గడ్డానికి జానెడు కింద పెట్టాలి, చొక్కా మడతో గొలుసో దానికి రాసుకోకూడదు. ఫ్యాన్, ఏసీ, ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ తాళంచెవులు అందులోనే పెట్టండి, మళ్లీ స్విచ్ వెయ్యకుండా ఇంటికి పోలేరు. ఫోన్‌తో రికార్డ్ చేస్తుంటే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోవచ్చు. రికార్డర్ సెట్టింగుల్లో వేవ్ ఫైలు (శబ్దాన్ని కుదించకుండా దాచే రకం), 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ ఎంచుకోండి. గంట స్టీరియోకి సుమారు 1 జీబీ అవుతుంది, అది పెద్ద బరువేం కాదు. గొంతు పెంచినప్పుడు కూడా రికార్డర్‌లో శబ్దం ఎంతుందో చూపే మీటరు ముల్లు మైనస్ 6 డెసిబెల్ దాటకుండా చూసుకోండి. ఒకసారి పగిలిన శబ్దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా అతకలేదు. ఫిరంగుల పక్కన పనిచేసినవాళ్లకి చెవుడు మామూలే. ఏ చెవి బాగా వినిపిస్తుందో అడిగి అటువైపు, మీ పెదవులు కనబడేట్టు కూర్చోండి. గట్టిగా అరవకండి, ఆ అరుపూ రికార్డవుతుంది.

రికార్డింగ్ మొదలవగానే ఒక అర నిమిషం ఈ మాటలకి కేటాయించండి: ఇవాళ తేదీ, ఈ స్థలం, మాట్లాడేవాళ్ల పూర్తి పేరు, పుట్టిన సంవత్సరం, ఏ దళం లేదా ఏ ఊరు, అడిగేవాళ్ల పేరు. ఫైలు పేరు మారిపోయినా, కాగితం పోయినా, ఈ అర నిమిషం ఫైలుని అంటిపెట్టుకునే ఉంటుంది. పేరులేని గొంతు ఎంత గొప్ప కథ చెప్పినా అది అనాథే.

తేదీలు తప్పు చెప్తారు. చెప్పనివ్వండి. మధ్యలో ఆపి "కాదండీ, అది ఫలానా నెలలో కదా" అంటే వాళ్లు గుర్తు తెచ్చుకోవడం మానేసి, పరీక్ష రాస్తున్నట్టు జవాబులు చెప్పడం మొదలుపెడతారు. మీ అనుమానం కాగితం మీద రాసి ఫైలుతో పాటు ఉంచండి. ఇటలీలోని తెర్నీలో లుయీజి ట్రస్తుల్లి అనే ఉక్కు కార్మికుడు 1949లో నాటోకి వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనలో పోలీసుల చేతిలో చనిపోయాడు. ఊళ్లో చాలామంది మాత్రం అది 1953లో, పెద్ద ఎత్తున ఉద్యోగాలు తీసేసినప్పటి గొడవల్లో జరిగిందని చెప్పారు. మౌఖిక చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్తెల్లి ఈ తప్పుని తుడిచెయ్యలేదు. ఆ చావుకి తగిన కారణం, తగిన సందర్భం జనం మనసులో ఎలా వెతుక్కున్నారో అదే చూపిస్తుందని పట్టుకున్నాడు. మీరు సరిదిద్దేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

సైనికుడిని మాత్రమే కూర్చోబెట్టి మాట్లాడించడం ఇంకో పెద్ద లోపం. పక్కనే ఆయన భార్య ఉంటారు. "నాకేం తెలుసు బాబూ, నేనేం యుద్ధం చెయ్యలేదు" అంటారు. కిటికీలకి నల్లకాగితం అంటించింది ఎవరు, రేషన్ వరసలో నించున్నది ఎవరు, ఉత్తరం రాని నెలల్లో ఇల్లు నడిపింది ఎవరు? 2003 జూన్ నుంచి 2006 జనవరి వరకు బీబీసీ రెండో ప్రపంచయుద్ధం జ్ఞాపకాలు రాసి పంపమని జనాన్ని అడిగితే 47,000 కథలొచ్చాయి. వాటిలో అప్పట్లో పిల్లలుగా ఉన్నవాళ్లు, ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లు రాసినవి బోలెడు. హిరోషిమా నగరమైతే 2012 నుంచి, బాంబు నుంచి బయటపడ్డవాళ్ల అనుభవాన్ని వాళ్ల దగ్గరే నేర్చుకుని తర్వాతివాళ్లకి చెప్పే వారసులకి శిక్షణ ఇస్తోంది. ఆవిడని విడిగా, ఆయన లేనప్పుడు, వేరే రోజు మాట్లాడించండి. ఇద్దర్నీ కలిపి కూర్చోబెడితే ఆయన చెప్తుంటే ఆవిడ తలూపుతారు, అంతకుమించి ఏమీ రాదు.

అనుమతి సంగతి చాలామంది పట్టించుకోరు. "మన తాతే కదా" అంటారు. ఒక పేజీ చాలు: ఇది ఎవరు వినొచ్చు, ఇప్పుడా, పోయాకా, కుటుంబం వరకేనా, ఇంటర్నెట్‌లో పెట్టొచ్చా, పేరు చెప్పొచ్చా. కింద ఇద్దరి సంతకాలు, తేదీ. సంతకం రికార్డింగ్ అయ్యాక తీసుకోండి, ఏం చెప్పారో వాళ్లకీ అప్పుడే తెలుస్తుంది. చట్టం ముందు నిలబడని మాట మాత్రం ఇవ్వకండి. అమెరికాలోని బోస్టన్ కాలేజీ కోసం 2001 నుంచి 2006 వరకు ఉత్తర ఐర్లాండ్ ఘర్షణల్లో పాల్గొన్న మాజీ సాయుధులతో మాట్లాడించారు. మీరు బతికున్నంతకాలం బయటికి రాదని వాళ్లకి మాట ఇచ్చారు. 2011లో కోర్టు నుంచి తాఖీదులొచ్చాయి, చివరికి కొన్ని టేపులు పోలీసుల చేతికి వెళ్లాయి. నమ్మి నోరు విప్పినవాళ్లకి ఇంతకన్నా ద్రోహం ఏముంటుంది? నేరానికి సంబంధించిన పేర్లు రాబోతున్నాయనిపిస్తే, ముందే ఆపి, ఈ రికార్డింగ్‌కి రక్షణ లేదని చెప్పడం మన బాధ్యత.

ఫైళ్లకి మూడు నకళ్లు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో. పెన్ డ్రైవ్ ఒక్కటే ఉంటే ఏమీ లేనట్టే. ప్రతి ఫైలుకీ ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ (ఫైలుకి వేలిముద్రలాంటి అక్షరాలు, అంకెల వరస, దాన్ని సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి ఇస్తుంది) తీసి రాసిపెట్టండి. ఏడాదికోసారి మళ్లీ తీసి పోల్చండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ నకలు చెడిందన్నమాట, మంచి నకలు నుంచి మళ్లీ కాపీ చెయ్యాలి. ఫైలు పంపాల్సి వస్తే వాట్సాప్‌లో వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఇంట్లో పాత క్యాసెట్ ఉంటే ఆత్రంగా ప్లేయర్లో పెట్టకండి. ముందు పైఅంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచెయ్యండి, పొరపాటున దాని మీద రికార్డ్ అవ్వదు. బూజు కనిపించినా, తిరుగుతున్నప్పుడు కీచుమని అరిచినా వెంటనే ఆపి తెలిసినవాళ్లకి ఇవ్వండి.

రికార్డింగ్‌ని అక్షరాల్లో పెట్టడానికి గంటకి తక్కువలో తక్కువ 5, 6 గంటలు పడుతుంది. తీరిక లేకపోతే ప్రతి 5 నిమిషాలకీ ఒక వరస రాయండి: ఎన్నో నిమిషం, ఏ విషయం, ఏ పేర్లు. అదీ చాలా ఉపయోగం. సాఫ్ట్‌వేర్‌తో రాయిస్తే తప్పకుండా మళ్లీ విని సరిచూడండి. ఎవరూ మాట్లాడని చోట కూడా లేని వాక్యాలు పుట్టించే గుణం వాటికుంది. యాసని గ్రాంథికం చెయ్యకండి.

ఉత్తరాలు, ఫొటోలు క్లుప్తంగా: లామినేషన్ వద్దు, సెలోఫేన్ టేపు వద్దు, తుప్పు పట్టే గుండుసూదులు తీసెయ్యండి. ఉత్తరం దాచి కవరు పారెయ్యకండి, తపాలా ముద్ర, సెన్సార్ ముద్ర ఉండేది కవరు మీదే. ఫొటో రెండు వైపులా 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) స్కాన్ చెయ్యండి, వెనకాల రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తోనే. పతకాన్ని పాలిష్ పెట్టి తోమకండి. చాలా పతకాల అంచు మీద సన్నటి అక్షరాల్లో నంబరు, ర్యాంకు, పేరు ఉంటాయి. పక్కనుంచి వెలుతురు పడేలా పట్టుకుంటే కనిపిస్తాయి. మెరుపు కోసం తోమినప్పుడల్లా ముందు అరిగేది అవే.

ఇంకొకటి. రికార్డర్ ఆపి వైర్లు చుడుతుంటే "ఇంకో సంగతి చెప్పడం మర్చిపోయాను" అంటారు. చాలాసార్లు మొత్తం కూర్చున్నదానికి అసలు విషయం అదే. అందుకే మైక్ అన్నిటికన్నా చివర తీయండి, బ్యాటరీలో ఒక అరగంట మిగుల్చుకోండి. "ఇది కూడా రికార్డ్ చెయ్యనా?" అని అడగండి. సరేనంటే మళ్లీ తేదీ చెప్పి, పేరు చెప్పి, బటన్ నొక్కండి.