బిగించడం కాదు, వేన్లను నడపడమే అసలు పని
పాత డీజిల్ ఇంజనుకు వేరియబుల్ జామెట్రీ టర్బో (ఎగ్జాస్ట్ పొగతో తిరిగి ఇంజనులోకి గాలి నెట్టే టర్బోలో, పొగ దారిని సన్నగా, వెడల్పుగా మార్చే వేన్లు అనే రెక్కలుండే రకం) బిగిస్తే చాలు, తక్కువ ఆర్‌పీఎంలోనే లాగుడు వస్తుందని ఒక వ్యాసంలో రాశారు. ఆ "చాలు" దగ్గరే నాకు పేచీ. మెకానికల్ డీజిల్ పంపు ఉన్న ఇంజనులో వేన్లను ఎప్పుడు తెరవాలో చెప్పే ఈసీయూ (ఇంజను కంప్యూటర్) ఉండదు కదా. నేను బూస్టు ఒత్తిడితో, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడితో, కదిలి రాడ్ ద్వారా వేన్లను తిప్పే యాక్చుయేటర్ పెట్టాను. మొదట్లో వేన్లు ఆలస్యంగా తెరుచుకునేవి. బూస్టు గేజీ బ్రహ్మాండంగా చూపించేది, ఇంజను మాత్రం పై స్పీడులో గొంతు పట్టేసినట్టు అయ్యేది. టర్బైన్‌కు (టర్బోలో పొగ తిప్పే చక్రానికి) ముందు, ఇంజను నుంచి పొగ బయటికొచ్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డుకు ఇంకో గేజీ పెట్టాకే తెలిసింది, పొగ ఇరుక్కుపోయి అక్కడి ఒత్తిడి బూస్టుకు రెట్టింపు ఉందని! రాడ్ సర్ది వేన్లు ముందే తెరుచుకునేలా చేశాక ఇంజనుకు ఊపిరాడింది. ఇంకోటి, పంపులో బూస్టును బట్టి డీజిల్ పెంచే డయాఫ్రమ్ (గాలి ఒత్తిడికి కదిలే పలచటి పొర) లేకపోతే గాలి ఎంత పంపినా బలం పెద్దగా పెరగదు. ఆ రెండో గేజీ గురించి వ్యాసంలో ఒక్క ముక్కైనా రాయాల్సింది.